చిట్టిపాదాల ఇంటి పెద్దకూతురు

జుల్మీరాకు పదమూడేళ్ళప్పుడు ఒక వేసవి సాయంత్రం తల్లి ఎర్మెలిందా గుమ్మం ముందు సార్డీన్ చేపలు కాలుస్తోంది. పోర్చుగల్ తీరంలోని పోవువా దక్షిణపేటలో ఎండలు వస్తే ఆడవాళ్ళ పొయ్యిలన్నీ వీధిలోనే. పొయ్యిలోంచి ఒక నిప్పుకణిక దొర్లి ఎర్మెలిందా పాదం కిందకు వచ్చింది. ఆమె దాని మీదే నిలబడి, చేపలు తిరగేస్తూ, ఎవరి పడవకు ఎంత చేప పడిందో ఎదురింటామెతో చెప్పుకుంటూనే ఉంది. చేపల వాసనలో ఇంకో వాసన కలిసిందని ముందు కనిపెట్టింది జుల్మీరాయే.

"అమ్మా, నీ కాలు" అంది.

"నా కాలికేమైందే?"

ఎదురింటామె కిందకు చూసింది. మాట మధ్యలో ఆపేసి, తన పొయ్యి మీద చేపలు అలాగే వదిలేసి, ఇంట్లోకి వెళ్ళి తలుపు వేసుకుంది. ఆ రాత్రికే పేటంతా తెలిసిపోయింది.

ఆ జబ్బుకు వాళ్ళ ఊళ్ళో భయంకరమైన పేరేమీ లేదు. చిట్టిపాదాలు అనేవారు, పసిపిల్లల కాళ్ళను ముద్దుచేసినట్టు. ముందు కాలివేళ్ళకు వేడీ చల్లనా తెలియకుండా పోతుంది. తర్వాత పాదం వేలాడిపోయి, మనిషి మోకాలు ఎత్తెత్తి కోడిపుంజులా నడుస్తాడు. ఆపైన తిన్నది ఒంటపట్టదు. పదేళ్ళలో, కొందరికైతే ఇంకా చాలా ముందే, ఎముకల గూడు మిగులుతుంది. పట్టుకునేది కూడా సరిగ్గా పిల్లలూ సంపాదనా ఉన్న వయసులో పట్టుకుంటుంది. అందుకే కొడుకుల తల్లులు సంబంధం మాట ఎత్తేముందు ఇసుకలో చేపలబుట్ట ఎత్తుకుని వచ్చే ఆడపిల్లల నడకలు చూసేవారు. మొహాలు తర్వాత చూసేవారు.

ఎర్మెలిందా తండ్రిని తీసుకుపోయింది కూడా ఈ జబ్బే. కానీ ఆ ఇంట్లో అందరూ ఆయన తాగి చచ్చాడనే చెప్పుకునేవారు. కూతుళ్ళ పెళ్ళిళ్ళకు తాగుబోతు తండ్రి అడ్డం రాడు.

ఎర్మెలిందా మంచాన పడ్డాక పోర్తు పట్నం నుంచి ఒక డాక్టరు వచ్చాడు. పేటలో ఇంటింటికీ తిరిగి ఎవరు ఎవరికి పుట్టారో, ఎవరు ఎలా పోయారో అడుగుతున్నాడని అప్పటికే అందరూ గుసగుసలాడుతున్నారు. చాలామంది గుమ్మంలోంచే పంపేశారు. ఆయన ఎర్మెలిందా పాదాలను సూదితో గుచ్చి చూశాడు. ఆమె కిటికీకేసి చూస్తూ పడుకుంది.

"మీ నాన్నగారు దేనితో పోయారమ్మా?"

"తాగి పోయాడు."

డాక్టరు గోడవారగా నిలబడ్డ జుల్మీరాకేసి తిరిగాడు. "నీకు తాతగారు గుర్తున్నారా, తల్లీ?"

పదిహేనేళ్ళ జుల్మీరాకు అబద్ధం చెప్పాలని తట్టలేదు. "కాళ్ళు ఎత్తెత్తి నడిచేవాడండీ. ఒకసారి పొయ్యిలో కాలు పెట్టి నిద్రపోయాడు. లేపేదాకా తెలీలేదు."

డాక్టరు వెళ్ళిపోయాక ఎర్మెలిందా కూతుర్ని దగ్గరకు పిలిచింది. కొడుతుందేమో అనుకుంది జుల్మీరా. ఆమెకు చెయ్యెత్తే ఓపిక లేదు.

"ఇంటి గుట్టు పరాయివాడి చేతిలో పెట్టావు. ఇక నీకూ నీ చెల్లికీ ఎవడొస్తాడే?" అంది. చనిపోయేవరకూ పెద్దకూతురి చేతి అన్నం తింది కానీ ఆ మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు.

ఆ డాక్టరే వెళ్తూ వెళ్తూ వీధిలో ఒక మాట అన్నాడు. ఈ జబ్బు గాలికీ నీటికీ వచ్చేది కాదు, శాపమూ కాదు, తల్లి నుంచో తండ్రి నుంచో నెత్తుట్లో వస్తుంది, పుట్టిన పిల్లల్లో సగం మందికి వస్తుంది అని. జుల్మీరా ఆ సగం అన్న మాటను పట్టుకుంది. వాళ్ళు ఇద్దరు ఆడపిల్లలు. ఇద్దరిలో సగమంటే ఒకరు. ఆ ఒకరు ఎవరో అద్దంలో చూస్తేనే తెలుస్తోంది. తల్లి ముక్కు, తల్లి చేతులు, తల్లి పంతం అన్నీ తనవే. చెల్లెలు ఫిర్మీనా అచ్చం ఎప్పుడో సముద్రంలో పోయిన తండ్రి పోలిక. ఈ మాట ఆమె ఒక్కర్తే అనుకున్నది కాదు. తల్లిని పాతిపెట్టి వస్తుంటే ముసలమ్మలు ఆమె మొహం చూసి సిలువ గుర్తు వేసుకున్నారు.

పన్నెండేళ్ళ ఫిర్మీనా ఆ రోజు అక్క పావడా పట్టుకుని, "నేను కూడా అమ్మలా అయిపోతానా?" అని ఏడ్చింది.

"నువ్వు కావు. నాకొస్తుంది. ఇద్దరిలో ఒకరికేనట, డాక్టరు చెప్పాడు. నువ్వు హాయిగా ఉండు" అంది జుల్మీరా. అలా అన్నాక ఆమెకు కొంత గొప్పగా కూడా అనిపించింది. చెల్లెలికి రావలసిన దాన్ని తను అడ్డుపడి తీసుకున్నట్టు.

*

అబీలియో కాడ్ చేపలు పట్టే ఓడల్లో సముద్రం అవతలి న్యూఫౌండ్‌లాండ్ దాకా పోయేవాడు. ఏటా వసంతంలో వెళ్ళి ఆకులు రాలే కాలానికి తిరిగొచ్చేవాడు. ఒడ్డున ఉన్న నెలల్లో జుల్మీరా వలలు బాగుచేసే చోటే ఏదో ఒక పని కల్పించుకుని కూర్చునేవాడు. ఆమెకు ఇరవై ఒకటి. అతను నవ్విస్తే ఆమె సూది వల మధ్యలో ఆగిపోయేది.

"ఈసారి ఓడ ఎక్కకముందే ఫాదర్‌గారితో మాట్లాడనా?" అన్నాడు ఒక రోజు.

"ఏం మాట్లాడతావు?"

"ఏముంటుంది మాట్లాడ్డానికి, ఈ పిల్లకు పొగరెక్కువ, మీరే ఏదైనా చెయ్యండి అంటాను."

జుల్మీరా చాలా రోజులుగా ఈ మాట వస్తుందని చూస్తోంది. ఏం చెప్పాలో కూడా అనుకుని పెట్టుకుంది. నిజం చెబితే అతను పరవాలేదు అంటాడని ఆమెకు తెలుసు. అతను అలా అన్నాక తను కాదనలేననీ తెలుసు. అందుకని నిజం చెప్పలేదు.

"నీ ఒంటి మీద చేపనూనె కంపు నేను జన్మంతా భరించలేను. ఇంకెవర్నైనా చూసుకో" అంది.

ఆమె నవ్వేస్తుందేమో అన్నట్టు అతను ఆమె మొహంలోకి చూశాడు. ఆమె తలెత్తలేదు. అతను లేచి ప్యాంటుకంటిన ఇసుక దులుపుకుని వెళ్ళిపోయాడు. ఆ వసంతంలో ఓడ కదిలేటప్పుడు ఊళ్ళో ఆడవాళ్ళందరూ రేవుకు వెళ్ళారు. జుల్మీరా ఇంట్లో కూర్చుని తోమిన గిన్నెలే మళ్ళీ తోమింది.

నాలుగేళ్ళకు అతను ఒతీలియా అనే అమ్మాయిని చేసుకున్నాడు. అంతకుముందే ఫిర్మీనా తన పెళ్ళి తనే కుదుర్చుకుని వచ్చింది. కాందిదో అని, పడవ మీద కూలికి పోయే కుర్రాడు.

"అతనికి చెప్పావా?" అంది జుల్మీరా.

"ఏం చెప్పాలి?"

"మన ఇంటి సంగతి."

"ఊరందరికీ తెలిసిందే, అతనికి తెలీదా? అతను అడగలేదు, నేను చెప్పలేదు."

"రేపు పిల్లలు పుడితే?"

"పుడితే పాలిస్తాను. ఏంటక్కా నీ గోల. నీకొస్తుంది నాకు రాదని నువ్వే కదా చెప్పావు. నాకు పన్నెండేళ్ళప్పుడు చెప్పి, ఇప్పుడు కాదంటావా?"

కాదనాలంటే జుల్మీరా తన లెక్క తప్పని ఒప్పుకోవాలి. తప్పని ఆమె అనుకోవడం లేదు కూడా. పెళ్ళికి చెల్లెలి జడ తనే వేసింది.

ఫిర్మీనాకు ఒక కొడుకు, అదెలీనో. మూడేళ్ళకు ఒక కూతురు, గ్రసియేతా. ఇల్లు ఎప్పుడూ గోలగోలగా ఉండేది. ఫిర్మీనా చేపలమ్ముతూ అరిచిన అరుపు బజారు ఈ చివర నుంచి ఆ చివరకు వినిపించేది. సాయంత్రాలు జుల్మీరా వెళ్ళి, చెల్లెలి పిల్లలకు సూప్ తాగించి, తన గదికి తిరిగొచ్చి, పడుకునే ముందు ఒక కాలు వేడినీళ్ళలోనూ ఇంకో కాలు చన్నీళ్ళలోనూ పెట్టుకుని చూసుకునేది. రెండూ తెలిసేవి. ఇంకా రాలేదు అనుకునేది.

ఒక మధ్యాహ్నం ఫిర్మీనా బజారు నుంచి ఒక కాలికే చెక్కచెప్పుతో ఇంటికి వచ్చింది. రెండోది దారిలో ఎక్కడో జారిపోయింది. ఆ కాలు రాళ్ళకు కోసుకుని రక్తం కారుతోంది.

"అమ్మ చెప్పు పారేసుకుంది" అని పిల్లలు పకపకా నవ్వారు. ఫిర్మీనా కూడా కాలికేసి చూసుకుని నవ్వింది. వీధి చివర దాకా వెళ్ళి ఆ చెప్పు ఏరుకొచ్చిన జుల్మీరాకు నవ్వు రాలేదు.

పోర్తు ఆసుపత్రిలో చెల్లెల్ని లోపల చూస్తుండగా ఆమె వసారాలో ఒక నర్సును పట్టుకుంది.

"ఇద్దరిలో ఒకరికి కదండీ వచ్చేది. మరి అది నాకు కదా?"

నర్సు ఓపిగ్గానే చెప్పింది. "అలా కాదమ్మా. పిల్ల పుట్టిన ప్రతిసారీ బొమ్మా బొరుసూ వేసినట్టు. మొదటిసారి బొమ్మ పడిందని రెండోసారి బొరుసు పడాలని ఏముంది? ఇద్దరికీ రావచ్చు. ఇద్దరికీ రాకపోవచ్చు. ఎవరి సగం వాళ్ళదే."

"మరి పోలికలు?"

"పోలికలకు దీనికీ ఏం సంబంధం?"

ఆ మాట జుల్మీరా విన్నది కానీ మనసులోకి వెళ్ళనివ్వలేదు. చెల్లెలికి వచ్చిందంటే ఇద్దరికీ ఉందన్నమాట, తనకు ఎలాగూ ఉందిగా అనుకుంది. అప్పటికి ఆమెకు ముప్పై మూడు. అబీలియోకు ఇద్దరు పిల్లలు.

ఫిర్మీనా పోవడానికి పదేళ్ళు పట్టింది. ఆఖరి రోజుల్లో ఆమె ఒళ్ళు అక్క ఒక చేత్తో ఎత్తగలిగేటంత అయిపోయింది. ఒక పొద్దున్న దుప్పటి మారుస్తుంటే, "నీకే వస్తుందన్నావు కదక్కా" అంది. కోపంగా అనలేదు. మరిచిపోయిన సంగతేదో గుర్తొచ్చి అడిగినట్టు అంది. జుల్మీరా దుప్పటి మడతలు సరిచేస్తూ ఉండిపోయింది.

కాందిదో ఫ్రాన్సుకు కూలికి పోయాడు. కొన్నాళ్ళు పండగలకు వచ్చాడు. తర్వాత అక్కడే ఎవరితోనో కాపురం పెట్టాడని తెలిసింది. పిల్లలిద్దరూ పెద్దమ్మ గదిలోకి మంచాలతో సహా వచ్చేశారు.

*

జుల్మీరా వాళ్ళను బాగానే పెంచింది. తిట్టి పెంచింది, కానీ ఆకలితో పడుకోనివ్వలేదు. అయితే వాళ్ళు గదిలో అటూఇటూ నడుస్తుంటే ఆమె కళ్ళు ఎప్పుడూ నేల మీదే ఉండేవి. గ్రసియేతా పదహారేళ్ళప్పుడు ఒకసారి విసుగొచ్చి అడిగేసింది.

"పెద్దమ్మా, నాకు మొహం కూడా ఉంది. ఎప్పుడైనా అటు కూడా చూడు."

ఎవరైనా కుర్రాడి పేరు ఇంట్లో వినిపిస్తే జుల్మీరా తన కథ ఎత్తుకునేది. నేను వదులుకున్నాను, ఒక మంచివాణ్ణి వదులుకున్నాను, నాతోనే ఇది ఆగిపోవాలని వదులుకున్నాను, మీ అమ్మ నా మాట వినలేదు అనేది. ఆ చివరి ముక్క అన్నాక పిల్లలిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు. మీ అమ్మ వినుంటే మీరు ఉండేవాళ్ళు కాదు అని వాళ్ళకు అర్థమవుతుందని ఆమెకు తట్టలేదు.

అదెలీనోకు ఇరవై ఏడో ఏట కాలివేళ్ళు మొద్దుబారాయి. అప్పటికి పోర్తులో నెత్తురు పరీక్షతోనే ముందుగా చెప్పేస్తున్నారు. గ్రసియేతా వీతర్ అనే కుర్రాడితో పెళ్ళి అనుకుంటోంది. తెలుసుకునే చేసుకుంటాను అంది. తోడుగా జుల్మీరా వెళ్ళింది.

అక్కడ డాక్టరమ్మ వయసులో గ్రసియేతా కన్నా ఎంతో పెద్దది కాదు. కాగితం మీద ఆడవాళ్ళకు గుండ్రాలు, మగవాళ్ళకు చతురస్రాలు గీసి, జబ్బు వచ్చినవాళ్ళను నల్లగా నింపుతూ వచ్చింది. తాత నలుపు. ఎర్మెలిందా నలుపు. ఫిర్మీనా నలుపు. అదెలీనో నలుపు. ఫిర్మీనా పక్కన ఒక గుండ్రం తెల్లగా మిగిలింది.

"ఇది మీరు. మీరు కూడా పరీక్ష చేయించుకుంటారా?"

"నాకెందుకమ్మా, నాకుంది."

"ఎలా తెలుసు?"

"అంతా మా అమ్మ పోలికే."

డాక్టరమ్మ నవ్వలేదు. "మీకు యాభై దాటాయి. కొందరికి ముసలితనంలో పైకొస్తుంది, కాదనను. కానీ తెలుసుకుంటే మంచిది కదా. ఒక మాట మాత్రం గట్టిగా చెప్పగలను. ఇది ఒక తరాన్ని దాటేసి మనవల దగ్గర తేలదు. లోపల ఉన్నవాళ్ళే ఇస్తారు. లేనివాళ్ళ దగ్గర అక్కడితో తెగిపోతుంది. వాళ్ళ పిల్లలకూ ఉండదు, వాళ్ళ పిల్లల పిల్లలకూ ఉండదు."

జుల్మీరా చెయ్యి చాపింది. నెత్తురు తీస్తుంటే ఆమెకు ఏ భయమూ కలగలేదు. తెలిసిన సంగతికి భయమేముంది.

ఫలితాలకు మళ్ళీ వెళ్ళినప్పుడు ఒక్కొక్కరినీ విడిగా పిలిచారు. ముందు గ్రసియేతా వెళ్ళి వచ్చింది. బెంచీ మీద కూర్చుని సంచీ ఒళ్ళో పెట్టుకుంది. తర్వాత జుల్మీరా వెళ్ళింది.

"మీకు లేదు" అంది డాక్టరమ్మ.

"ఇంకా రాలేదా?"

"రావడం కాదండీ. మీలో అసలు లేదు. ఎప్పుడూ లేదు. మీ అమ్మగారి నుంచి మీకు మంచి భాగమే వచ్చింది."

"మళ్ళీ చూడండి."

"రెండుసార్లు చూశాం."

"సీసాలు మారిపోయి ఉంటాయి. అమ్మాయిది నాకూ నాది అమ్మాయికీ రాసుంటారు."

"అలా జరగకుండానే చూస్తాం."

"మీరు చిన్నపిల్ల. మీకు తెలీదు. నా వయసంత లేవు మీ చదువులు" అని జుల్మీరా గొంతు పెంచింది. వసారాలో ఉన్నవాళ్ళు తలుపుకేసి తిరిగారు. "నాకుందని మా ఊరంతటికీ తెలుసు. మా అమ్మకు తెలుసు. నాకు లేకపోతే మరి నేనెందుకు..." అని ఆగిపోయింది. డాక్టరమ్మ గ్లాసుతో నీళ్ళిచ్చింది. ఆమె తాగలేదు.

బయటకు వస్తే గ్రసియేతా లేచి నిలబడింది. "ఏమన్నారు?"

"లేదట."

"ఓహో. నాకుందట."

రైల్లో ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. చాలా దూరం వచ్చాక గ్రసియేతా నవ్వడం మొదలుపెట్టింది. పక్కవాళ్ళు చూస్తున్నా ఆపుకోలేకపోయింది.

"ఎందుకే?" అంది జుల్మీరా.

"ఏం లేదు. నువ్వు పదిమందిని కనుంటే పదిమందీ శుభ్రంగా ఉండేవాళ్ళు. ఈ ఇంట్లో కనదగ్గదానివి నువ్వొక్కదానివే. నువ్వేమో కనలేదు."

ఊళ్ళో ఈ సంగతి చేపల బజారు ద్వారా తెలిసింది. ఆడవాళ్ళు జుల్మీరాను కావలించుకున్నారు. లాపా మాత చర్చిలో కొవ్వొత్తి వెలిగించమన్నారు. పక్కింటామె గుడ్లు పోసి చేసిన కేకు పట్టుకొచ్చింది. అదే గదిలో అదెలీనో మంచం మీద పడుకుని ఉన్నాడు. "తీసుకో పెద్దమ్మా, పండగ నీది" అన్నాడు. పక్కింటామె వెళ్ళాక జుల్మీరా ఆ కేకును రేవు గోడ దగ్గరకు తీసుకెళ్ళి సముద్రపు కాకులకు విసిరేసింది.

*

ఆ వారంలోనే ఆమె అబీలియో దగ్గరకు వెళ్ళింది. ఎందుకు వెళ్తోందో సరిగ్గా ఆలోచించుకోలేదు. ఎవరో ఒకరికి చెప్పాలి. చెప్పవలసినవాళ్ళలో బతికున్నది అతనొక్కడే అనిపించింది.

అతను ఓడల పని మానేసి సొంతంగా చిన్న పడవ పెట్టుకున్నాడు. రేవులో కూర్చుని ఆక్టోపస్‌లు పట్టే బుట్టలకు తాళ్ళు కడుతున్నాడు. జుట్టు నెరిసింది. పక్కనే భార్య ఒతీలియా ఎర గుచ్చుతోంది. అన్ని సంవత్సరాలూ వీధిలో ఎదురుపడితే తలూపుకుని పోయేవారు, అంతే.

"కూర్చో జుల్మీరా" అంది ఒతీలియా, ఒక బుట్ట పక్కకు జరిపి. "నీకు లేదని తేలిందట కదా. సంతోషం."

"నేను వచ్చింది ఇతనితో ఒక మాట చెబుదామని."

"చెప్పు. నాకు చెవుడేం లేదు, కానీ నేను ఎర తెచ్చుకోవాలి" అని ఒతీలియా లేచి వెళ్ళింది.

జుల్మీరా నిలబడే చెప్పింది. "ఆ రోజు చేపనూనె కంపన్నాను. అది అబద్ధం. మా అమ్మ జబ్బు నాకుందనుకున్నాను. నీ పిల్లలకు రాకూడదని అలా అన్నాను."

అబీలియో తాడు ముడి బిగించి, పళ్ళతో కొస కొరికాడు. "తెలుసు" అన్నాడు.

"తెలుసా?"

"చేపనూనె కంపు లేనివాడు ఈ ఊళ్ళో ఎవడున్నాడు? ఓడ ఎక్కాక మూడు నెలలు అదే ఆలోచించాను. నువ్వు నిజం చెప్పుంటే ఏమనేవాణ్ణో కూడా అనుకున్నాను. వస్తే వస్తుంది, చూసుకుందాం అనేవాణ్ణి. సముద్రం మీద బతికేవాణ్ణి, నాకు మటుకు గ్యారంటీ ఏముంది? నువ్వు ముందు పోతావో నేను పోతానో ఎవరికి తెలుసు?"

"మరి తిరిగొచ్చాక ఎందుకు అడగలేదు?"

"నువ్వు నన్ను అడిగావా?" అన్నాడు అతను. గొంతు పెంచలేదు. "నా పెళ్ళి, నా పిల్లలు, నా బతుకు. అన్నీ నువ్వొక్కదానివే కూర్చుని తేల్చేశావు. నేనేమంటానో నీకు తెలుసు కాబట్టే అడగలేదు. నాకు చాలా రోజులు కోపంగా ఉండేది. తర్వాత ఒతీలియా వచ్చింది, పిల్లలొచ్చారు, కోపం పెట్టుకోవడానికి ఇంట్లో చోటు లేకపోయింది. ఇప్పుడొచ్చి నాకు లేదు అంటున్నావు. దాంతో నన్నేం చెయ్యమంటావు?"

ఒతీలియా ఎర బుట్టతో తిరిగొచ్చి ఇద్దరి మొహాలూ చూసి, "భోజనం చేసి వెళ్ళు, బంగాళదుంపలేసి చేప ఉడకబెట్టాను" అంది. మర్యాదకు అన్నదే. జుల్మీరా మర్యాదకే వద్దంది.

*

గ్రసియేతా ఆ ఎండాకాలం వీతర్‌ను చేసుకుంది. ఏడాది తిరగకుండా కడుపుతో ఉన్నానని వచ్చి చెప్పింది. జుల్మీరా అప్పుడు అదెలీనోకు గడ్డం గీస్తోంది. సబ్బు చెయ్యి తుడుచుకోకుండానే తిరిగింది.

"తెలిసి తెలిసి కంటావా? వీణ్ణి చూడు. మీ అన్నను చూసి మాట్లాడు."

"చూస్తూనే ఉన్నాను. అన్నా, నువ్వు పుట్టకపోయుంటే బాగుండేదా?"

అదెలీనో బుగ్గల నిండా నురగతో ఉన్నాడు. "నన్ను లాగకండి" అన్నాడు.

"మీ అమ్మకు తెలీదు, కనింది. నీకు తెలుసు. తెలిసి చేసేది పాపం" అంది జుల్మీరా.

"నువ్వు తెలిసి చేశావు కదా, ఏం దొరికింది నీకు? జబ్బూ రాలేదు, జనమూ లేరు. మా అమ్మ నలభై ఏళ్ళే బతికింది, కానీ ఇంటి నిండా బతికింది. నువ్వు మాకు అన్నం పెట్టావు, కాదనను. పెట్టిన ప్రతిసారీ మేం పుట్టకూడదని చెప్పి మరీ పెట్టావు. నా బిడ్డకు అది చెప్పనివ్వను."

గ్రసియేతా రెండు వీధుల అవతలే కాపురం ఉండేది. ఆ రోజు తర్వాత అన్నను చూడ్డానికి పెద్దమ్మ బజారుకు పోయే వేళ చూసుకుని వచ్చేది. పుట్టింది ఆడపిల్ల. ఇనేస్ అని పేరు పెట్టారు. జ్ఞానస్నానానికి జుల్మీరాను పిలవలేదు.

ఆ రోజుల్లోనే ఈ జబ్బుకు కాలేయం మార్చడం మొదలైంది. నరాలను తినేసే విషం తయారయ్యేది అక్కడేననీ, దాన్ని తీసి వేరేది పెడితే జబ్బు అక్కడితో ఆగుతుందనీ చెప్పారు. అదెలీనోను తీసుకెళ్ళి చూపించారు. ఆలస్యమైంది, ఈ ఒళ్ళు కోతకు ఆగదు అన్నారు. ఇంకో రెండు చలికాలాలు బతికాడు. పాతిపెట్టే చోట గ్రసియేతా, వీతర్ ఒక వైపు, జుల్మీరా ఒక వైపు నిలబడ్డారు. గ్రసియేతా అప్పటికే కాళ్ళు జాగ్రత్తగా చూసి వేస్తోందని జుల్మీరా కనిపెట్టింది. ఎవరికీ చెప్పలేదు.

కోయింబ్ర పట్నం ఆసుపత్రి నుంచి కాలేయం దొరికిందని పిలుపు వచ్చిన నాడు గ్రసియేతా బిడ్డను చంకనేసుకుని పెద్దమ్మ గుమ్మంలో నిలబడింది. వీతర్ తోడు రావాలి, వేరే దిక్కు లేదు.

"మళ్ళీ వచ్చేదాకా చూడు. దీని కాళ్ళ వంక చూడకు" అంది.

జుల్మీరా బిడ్డను అందుకుంది. ఇనేస్‌కు నాలుగేళ్ళు. మొదటి రోజు ఏడ్చి, రెండో రోజు నుంచి ఆమెను అమ్మమ్మా అని పిలవడం మొదలుపెట్టింది. ఆ నెలలు జుల్మీరా జీవితంలో అన్నిటికన్నా తేలిగ్గా గడిచాయి. బిడ్డకు కొత్త బూట్లు కొనిపెట్టింది. నడుస్తుంటే చూడాలనిపించినా చూపు పక్కకు తిప్పుకుంది.

గ్రసియేతా బతికి వచ్చింది. మనిషి సగమైంది కానీ నిలబడింది. కుట్లు పట్టుకుని నెమ్మదిగా కూర్చుంటూ, "నా కాలేయాన్ని ఇంకెవరికో పెట్టారట పెద్దమ్మా" అంది. "ముసలాయనట. జబ్బు పైకొచ్చేలోపు ఎలాగూ పోతాడని. చూశావా, మన ఇంటిది చివరికి పరాయివాళ్ళకు కూడా పంచాం." అలా నవ్వుతుంటే అచ్చం ఫిర్మీనాలా ఉంది.

ఇనేస్ పరిగెత్తుకుంటూ వచ్చి, "అమ్మా, అమ్మమ్మ నాకు బూట్లు కొంది" అంది.

"మీ అమ్మమ్మ నువ్వు పుట్టకముందే పోయింది. ఈమె నాకు పెద్దమ్మ" అంది గ్రసియేతా. ఆ మాటలో కోపమేమీ లేదు. వరసలు తప్పు పిలవకూడదని నేర్పుతున్నట్టు అంది. బిడ్డను తీసుకుని వెళ్ళిపోయింది.

ఆ తర్వాత మాటలైతే కలిశాయి. ఆదివారాలు ఇనేస్‌ను పంపేది. పద్దెనిమిది నిండేదాకా పిల్లకు పరీక్ష చెయ్యరు, అప్పుడైనా తనకు కావాలంటేనే. అందుకని ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తరు. జుల్మీరాకు అరవై దాటినా రోజూ చేపల బజారుకు వెళ్ళేది. పంటినొప్పి కూడా ఎరగదు. తోటివాళ్ళంతా ఒక్కొక్కరే పోతుంటే, నీకేం, వందేళ్ళు బతుకుతావు అనేవారు ఎవరైనా. ఆమెకు ఆ మాట తిట్టులా వినిపించేది.

ఒక ఆదివారం ఇనేస్ బల్ల దగ్గర కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. పిల్లకు పదేళ్ళు వచ్చాయి.

"పెద్దమ్మమ్మా, నువ్వు జబ్బు గురించే పెళ్ళి చేసుకోలేదా?"

"ఎవరు చెప్పారు?"

"అమ్మ."

జుల్మీరా దుంపలు తరిగే కత్తి ఆపింది. తన త్యాగం గురించి గ్రసియేతా ఇన్నాళ్ళకు తన బిడ్డకు చెప్పుకుందన్నమాట. "అమ్మ ఇంకా ఏం చెప్పింది?"

"నువ్వు భయపడ్డావని చెప్పింది."

ఇనేస్ గింజలు గిన్నెలో వేస్తూ జవాబు కోసం చూసింది. జుల్మీరా ఏదో చెప్పబోయింది. భయం కాదు అనాలనుకుంది. ఆ రోజు ఇసుకలో తల ఎత్తకుండా కూర్చున్నప్పుడు తన లోపల ఉన్నది భయం కాక మరేమిటో చెప్పడానికి ఒక మాట వెతికింది. గిన్నె నిండేదాకా వెతికింది. పిల్ల తొక్కలు ఏరి బకెట్టులో వేసి, చేతులు కడుక్కుని, ఆడుకోవడానికి వీధిలోకి వెళ్ళిపోయింది.